ఫారమిర్‌ని ఎందుకలా చేశారు?

'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' నవలని ప్రాణంగా చూసుకునేవాళ్ళతో ఓ పది నిమిషాలు మాట్లాడి చూడండి. సినిమాల సంగతి ఎత్తగానే మొహం వెలిగిపోతుంది, ఏ సీన్ తర్వాత ఏ సీన్ వస్తుందో వరసగా చెప్తారు, ఏడాదికోసారి సెలవు పెట్టి మరీ మూడు భాగాలూ చూస్తామంటారు. సరేనని మనం కూడా "అవునండీ, భలే తీశారు కదా" అన్నామో, అప్పుడు మొదలవుతుంది. "ఏం తీశారు? నవలని పాడు చేసి పెట్టారు" అంటూ గంటసేపు క్లాసు పీకుతారు. ఇంతకీ వీళ్ళకి నచ్చినట్టా, నచ్చనట్టా అని పక్కవాళ్ళు తల పట్టుకుంటారు. నేనూ ఆ బాపతే కాబట్టి చెప్తున్నా, రెండు మాటలూ నిజమే. చిక్కల్లా ఏంటంటే "నవలలో ఉన్నట్టు తీయలేదు" అనే ఒక్క ముక్కలో నాలుగైదు వేరువేరు కోపాలు కలిసిపోయి ఉంటాయి, వాటిలో కొన్ని ఓ వారం రోజుల్లో చల్లారిపోతాయి, కొన్ని ఇరవై ఏళ్ళు దాటినా అలాగే రగులుతుంటాయి.

తెలియనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఈ నవల రాశారు, 1954, 1955ల్లో మూడు సంపుటాలుగా వచ్చింది, అన్నీ కలిపితే వెయ్యి పేజీలు దాటుతుంది. లోకాన్నంతా లొంగదీసుకోగల ఓ ఉంగరం ఫ్రోడో అనే పొట్టివాడి చేతికి వస్తుంది. దాన్ని పెట్టుకుంటే మనిషి పాడైపోతాడు, అందుకని అది తయారైన అగ్నిపర్వతంలోనే పడేసి రావాలి. తోడుగా వెళ్ళేవాడు శామ్, తోటపని చేసుకునే మనిషి. పీటర్ జాక్సన్ దీన్ని న్యూజిలాండ్‌లో మూడు సినిమాలుగా ఒకేసారి షూట్ చేసి 2001, 2002, 2003 డిసెంబర్లలో వరసగా వదిలారు. మూడింటికీ కలిపి 17 ఆస్కార్లు, అందులో మూడో భాగానికే 11. ఇంత ఘనంగా గెలిచిన సినిమాల మీద ఇంకా ఏడుపేంటని ఎవరైనా అడిగితే అడగొచ్చు.

ముందుగా తీసేసిన వాటి సంగతి. నవల మొదట్లో టామ్ బాంబడిల్ అని ఓ పాత్ర ఉంటాడు, పసుపు రంగు బూట్లు వేసుకుని పాటలు పాడుకుంటూ అడవిలో తిరుగుతుంటాడు, ఉంగరం అతన్ని ఏమీ చెయ్యలేదు, అతనెవరో టోల్కీన్ కూడా తేల్చి చెప్పలేదు. సినిమాలో అతను లేనే లేడు. అలాగే నవలలో ఫ్రోడోని చేరదీసి పెంచిన పెద్దాయన బిల్బో పుట్టినరోజు విందు అయ్యాక ఫ్రోడో ఊరు విడిచి బయల్దేరడానికి 17 ఏళ్ళు పడుతుంది, సినిమాలో చూస్తే అంత కాలం గడిచినట్టే ఉండదు. సినిమాలు వచ్చిన కొత్తలో బాంబడిల్ కోసం పెద్ద గోలే జరిగింది. ఇప్పుడు అడిగితే చాలామంది "పోనీలెండి, ఉంటే కథ అక్కడే ఆగిపోయేది" అంటారు. కోత అనేది అభిమానులు తొందరగానే అర్థం చేసుకుంటారు, ఎందుకంటే తీసేసినది పుస్తకంలో భద్రంగానే ఉంటుంది, కావాలంటే వెళ్ళి చదువుకోవచ్చు, సినిమా దాని మీద ఇంకో బొమ్మ గీయలేదు కదా.

ఈ విషయంలో టోల్కీన్ అభిప్రాయం తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1950ల చివర్లోనే ఓ అమెరికన్ బృందం దీన్ని సినిమా చేస్తామని వచ్చింది. అప్పుడు ఆయన, ఆయన పబ్లిషరూ కలిసి పెట్టుకున్న సూత్రం "కళ అయినా ఉండాలి, కాసులైనా రావాలి". అంటే బాగా డబ్బిస్తే ఏమైనా చేసుకోండి, లేదంటే నచ్చని మార్పుల్ని ఆపే హక్కు నాకుండాలి అని. (రచయితలంతా ఇంత నిక్కచ్చిగా ఉంటే సగం గొడవలు ఉండవు.) ఆ బృందం రాసుకొచ్చిన కథాసంగ్రహం చదివి 1958లో ఆయన పెద్ద ఉత్తరం రాశారు. అందులో ఆయన కోతల గురించి పెద్దగా బాధపడలేదు, పైగా రెండు పెద్ద ఘట్టాల్ని ఇరుకుగా కుక్కే కన్నా ఒకటి పూర్తిగా తీసేయండి, చెట్టు మనుషుల కథ ఉంచి హెల్మ్స్ డీప్ అనే కోట దగ్గర జరిగే యుద్ధం వదిలేయండి అన్నారు. జాక్సన్ చేసింది సరిగ్గా దానికి ఎదురు, ఆ యుద్ధమే రెండో సినిమాకి వెన్నెముక అయింది, చూసినవాళ్ళు ఇప్పటికీ దాని గురించే చెప్పుకుంటారు. అయితే అదే ఉత్తరంలో ఆయన ఇంకో మాట కూడా అన్నారు, మూలకథకి గుండెకాయ ఎక్కడుందో కనిపెట్టలేక అవసరం లేనిది తెచ్చి దూర్చడం దగ్గరే ఇలాంటి సినిమాలు చెడిపోతాయని. ఆ మాట పట్టుకుంటే ముడి సగం విడిపోతుంది.

చేర్చినవి, మార్చినవి కొన్ని అభిమానులు మింగేశారు. నవలలో గాయపడ్డ ఫ్రోడోని తన గుర్రమెక్కించి నది వైపు పంపేవాడు గ్లోర్‌ఫిండెల్ అనే ఎల్ఫ్ (ముసలితనం లేని ఓ జాతివాడు), సినిమాలో ఆ పని ఆర్వెన్ చేస్తుంది. ఆర్వెన్ నవలలో సింహాసనానికి వారసుడైన ఆరగార్న్‌కి కాబోయే భార్య అయినా కనిపించేది చాలా తక్కువ, వాళ్ళ ప్రేమకథ చాలావరకు పుస్తకం చివర అపెండిక్స్‌లోకి వెళ్ళిపోయింది. సినిమాలో హీరోయిన్ అంత తక్కువ కనిపిస్తే కుదరదు, అందుకని ఆమెకో పని ఇచ్చారు, పోతే గ్లోర్‌ఫిండెల్ పోయాడు. గొణుక్కున్నారు గానీ సర్దుకున్నారు. ఇంకో అడుగు ముందుకేసి ఆర్వెన్‌ని హెల్మ్స్ డీప్ యుద్ధంలోకి కూడా దించి కొంత షూట్ చేశారు. ఆ కబురు బయటికి పొక్కేసరికి అభిమానులు భగ్గుమన్నారు, చివరికి ఆ సీన్లు సినిమాలోంచి తీసేశారు. ఇక్కడ గీత ఎక్కడుందో చూడండి. ఆమె గుర్రం మీద వచ్చి ఫ్రోడోని కాపాడితే ఆర్వెన్ ఆర్వెన్‌లాగే ఉంది. కత్తి పట్టి కోటలో యుద్ధం చేస్తే అది వేరే అమ్మాయి.

ఇప్పుడు ఫారమిర్ దగ్గరికి వద్దాం, నా అసలు బాధ అక్కడే.

ఫారమిర్ ఓ సేనాని, అతనికి అన్న బోరొమిర్. ఫ్రోడోకి తోడుగా బయల్దేరి, ఉంగరం మీద ఆశతో ఫ్రోడో మీదే చెయ్యి చేసుకోబోయినవాడు. తర్వాత నవల రెండో సంపుటంలో ఫ్రోడో, శామ్ ఫారమిర్ చేతికి చిక్కుతారు. చుట్టూ అతని సైనికులు, ఎవరూ అడిగేవాళ్ళు లేరు. శామ్ నోరు జారి ఉంగరం సంగతి బయటపెట్టేస్తాడు. చదువుతుంటే మన గుండె ఆగినంత పనవుతుంది, ఎందుకంటే అన్న ఏం చేశాడో చూశాం. ఫారమిర్ లేచి నిలబడతాడు, ఆ పైన మళ్ళీ కూర్చుని నవ్వేస్తాడు. ఇది దారి పక్కన పడి ఉన్నా తీసుకోనని ముందే చెప్పాడు, ఆ మాట మీదే ఉంటాడు. వాళ్ళకి తిండి పెట్టి, దారి చెప్పి పంపించేస్తాడు. అంతే. ఎవరూ అతని నుంచి ఏమీ అడగలేదు, ఎవరూ చూడట్లేదు, అయినా అలా ఉన్నాడు. టోల్కీన్ ఓ ఉత్తరంలో ఇతన్ని నేను కల్పించలేదు, తనే అడవిలో నడుచుకుంటూ వచ్చేశాడు అని రాసుకున్నారు, నా పాత్రల్లో నాకు కాస్తయినా దగ్గరివాడు ఎవరంటే ఇతనే అని ఇంకో చోట అన్నారు.

సినిమాలో ఇతను ఫ్రోడోని బందీగా పట్టుకుని, ఉంగరాన్ని తండ్రికి కానుకగా ఇద్దామని ఆస్గిలియాథ్ అనే పాడుబడ్డ నగరం దాకా లాక్కెళ్తాడు. అక్కడ జరిగింది చూసి మనసు మారి వదిలేస్తాడు. చివరికి మంచివాడే అవుతాడు, కాదనను. కానీ 'ప్రలోభానికి లొంగి తేరుకున్నవాడు' వేరు, 'అసలు చెయ్యే చాపనివాడు' వేరు. మొదటి రకం మనుషులు ఆ కథలో చాలామంది ఉన్నారు, రెండో రకం వాడు దొరికేదే అరుదు, ఆ ఒక్కణ్ణీ తీసుకెళ్ళి మొదటి వరసలో నిలబెట్టారు.

ఎందుకలా చేశారు అన్నదానికి వాళ్ళ దగ్గర గట్టి జవాబే ఉంది, డీవీడీల్లోని ఇంటర్వ్యూల్లో వాళ్ళే వివరంగా చెప్పారు. మొదటిది, సినిమా అంతా ఉంగరం ఎంత ప్రమాదమో బిల్డప్ ఇచ్చుకుంటూ వచ్చాక, ఒకడొచ్చి "నాకొద్దు" అనేస్తే ఆ టెన్షన్ మొత్తం దిగిపోతుంది. రెండోది ఇంకా లెక్కప్రకారం ఉంటుంది, నవల రెండో సంపుటం చివర్లో వచ్చే పెద్ద సాలీడు ఘట్టాన్ని మూడో సినిమాకి జరిపేశారు, దాంతో రెండో సినిమాలో ఫ్రోడో ట్రాక్‌కి క్లైమాక్స్ లేకుండా పోయింది, అటు హెల్మ్స్ డీప్‌లో అంత యుద్ధం జరుగుతుంటే ఇటు వీళ్ళు తిండి తిని బయల్దేరితే ఎలా? సినిమా తీసేవాడి కుర్చీలో కూర్చుంటే ఇది తప్పని నేను అనలేను. నవల చదివేవాడికి పేజీ మధ్యలో ఆగి ఆలోచించుకునే తీరిక ఉంటుంది, ఒక మనిషి ఏమీ చెయ్యకుండా ఉండటంలోని బలం అక్కడ తెలుస్తుంది. తెర మీద ఏమీ చెయ్యని మనిషి ఏమీ చెయ్యనట్టే కనిపిస్తాడు. ఇదంతా తెలిసీ కోపం పోదు, అదే తమాషా.

ఆరగార్న్‌ది కూడా ఇలాంటి కేసే. నవలలో విరిగిన కత్తిని వెంట పెట్టుకుని నేనే వారసుణ్ణి అని చెప్పుకుంటూ సింహాసనం వైపు నడిచే మనిషి, సినిమాలో రాజరికం నాకొద్దని తప్పించుకు తిరిగే మనిషి అయ్యాడు. ఎదగడానికి చోటు ఉంటేనే పాత్ర అనేది ఇప్పటి స్క్రీన్‌ప్లే లెక్క. కానీ ఇక్కడ గోల తక్కువ, ఎందుకంటే ఈ ఆరగార్న్ కూడా ఉంగరం దగ్గర లొంగడు, కాస్త తటపటాయించాడు గానీ మనిషి మారలేదు.

ఇక ఫ్రోడో వాళ్ళ ఊరు షైర్ సంగతి. నవలలో ఉంగరం నాశనమయ్యాక కథ అయిపోదు. ఫ్రోడో, శామ్, వాళ్ళతో వెళ్ళిన మరో ఇద్దరు, నలుగురు పొట్టివాళ్ళూ ఇంటికొచ్చేసరికి ఊరు ఊరులా ఉండదు. చెట్లు నరికేసి ఉంటాయి, ఇళ్ళు కూలగొట్టి ఉంటాయి, ఎక్కడ చూసినా కొత్త నిబంధనలు, కాపలావాళ్ళు. యుద్ధంలో ఓడిన మాంత్రికుడు సారుమాన్ ఇక్కడ చేరి పగ తీర్చుకుంటుంటాడు. వీళ్ళు ఊరివాళ్ళని కూడగట్టి తిరగబడతారు, సారుమాన్ ఫ్రోడో ఇంటి గుమ్మంలోనే చస్తాడు. ఈ ఘట్టం కథకి ముఖ్యమైన భాగమని, మొదట్నుంచీ అనుకున్నదేనని టోల్కీన్ రెండో ముద్రణ ముందుమాటలో రాశారు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో సోమ్ దగ్గర జరిగిన పోరులో ఉన్నారు, 1918 నాటికి దగ్గరి స్నేహితుల్లో ఒక్కరు తప్ప అందరూ పోయారు. యుద్ధం నుంచి బతికి వచ్చినా, వదిలి వెళ్ళిన ఇల్లు మళ్ళీ దొరకదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సినిమాలో ఇది పూర్తిగా లేదు. వీళ్ళు తిరిగొచ్చేసరికి షైర్ పచ్చగా అలాగే ఉంది. దానికి బదులు చిన్న సీన్ ఒకటి పెట్టారు. నలుగురూ వాళ్ళ ఊరి సారా దుకాణంలో కూర్చుంటారు, చుట్టూ జనం నవ్వుకుంటూ పెద్ద గుమ్మడికాయ పట్టుకొచ్చిన ముసలాయన్ని చూసి మురిసిపోతుంటారు, లోకాన్ని కాపాడి వచ్చిన వీళ్ళ వైపు ఎవరూ చూడరు, వీళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని మాట్లాడకుండా గ్లాసులు ఎత్తుతారు. నిజం చెప్పాలంటే ఆ సీన్ నాకు చాలా ఇష్టం. నవల పాతిక పేజీల్లో చెప్పిన దాంట్లో సగాన్ని అర నిమిషం నిశ్శబ్దంలో చెప్పేసింది. మిగతా సగం, అంటే చెడు అనేది ఎక్కడో దూరదేశంలో ఉండిపోదు, మన వీధిలోకి కూడా వస్తుంది, అప్పుడు ఏ మాంత్రికుడూ సాయానికి రాడు అన్నది, పోయింది. ఇప్పటికే మూడు గంటలా 21 నిమిషాల సినిమా, ఉన్న ముగింపులకే "ఇంకెన్నిసార్లు అయిపోతుంది" అని థియేటర్లో జనం సీట్లలో కదిలారు, ఇది కూడా పెడితే లేచి వెళ్ళిపోయేవారేమో.

సారుమాన్ వేసిన క్రిస్టఫర్ లీ ఆ బృందంలో టోల్కీన్‌ని స్వయంగా కలిసిన ఒకే ఒక్క నటుడు, ఏటా నవల తిరగేసేవారట. మూడో సినిమా థియేటర్ వెర్షన్‌లో ఆయన సీన్లన్నీ ఎగిరిపోయాయి, ఆయన బాగా నొచ్చుకున్నారు. తర్వాత నిడివి పెంచి వదిలిన ఎక్స్‌టెండెడ్ ఎడిషన్‌లో చావు సీన్ చేర్చారు, అదీ వేరే చోట, వేరే రకంగా.

మొహాల గొడవ ఇంకోటి ఉంది. పుస్తకం చదివినప్పుడు మనమే ఓ మొహం ఊహించుకుంటాం, సినిమా వచ్చాక అది చెరిగిపోతుంది, ఎంత ప్రయత్నించినా నటుడే కనిపిస్తాడు. మనకిది కొత్తేం కాదు, యద్దనపూడి 'సెక్రటరీ' చదివి రాజశేఖరాన్ని మనసులో దాచుకున్న అమ్మాయిలకి 1976లో తెర మీద యాభై దాటిన నాగేశ్వరరావు గారు కనిపిస్తే ఎలా ఉండి ఉంటుందో వాళ్ళనే అడగాలి. జాక్సన్ ఇక్కడ తెలివిగా చేశారు. అంతకుముందే టోల్కీన్ పుస్తకాలకి బొమ్మలు వేసి పాఠకుల కళ్ళలో నిలిచిపోయిన అలన్ లీ, జాన్ హౌ ఇద్దర్నీ తీసుకొచ్చి సినిమాకి రూపకల్పన చేయించారు. కోటలు, గుహలు, పల్లె ఇళ్ళు చూడగానే "అవును, ఇదే" అనిపించడానికి అదో కారణం. లోకం సరిగ్గా కుదిరింది కాబట్టే మనుషుల దగ్గర తేడా కొడితే ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఇక్కడ ఓ ప్రశ్న రావాలి. మార్పంటే ఇంత పట్టింపా? మరి మనం 'మాయాబజార్'ని నెత్తిన పెట్టుకున్నాం కదా! వ్యాస భారతంలో శశిరేఖ లేదు, అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరని. 1957లో వచ్చిన ఆ సినిమా భారత కథే అయినా పాండవులు ఒక్క సీన్లో కూడా కనిపించరు. ఎవరైనా థియేటర్ ముందు ధర్నా చేశారా? లేదు. భారతాన్ని మనం ఒక్క పుస్తకంగా చదవలేదు, కవిత్రయం దగ్గర్నుంచి హరికథలు, తోలుబొమ్మలాటలు, స్టేజి నాటకాల దాకా ఎవరు చెప్పినా కాస్త మార్చే చెప్పారు, శశిరేఖా పరిణయం కూడా అలా జనంలో పుట్టి పెరిగిన కథే. టోల్కీన్ నవలకి రచయిత ఒక్కరే, అచ్చైన వాక్యం ఒక్కటే. తేడా అక్కడుంది. కానీ ఇంకోటి కూడా గమనించండి. లేని పెళ్ళి కల్పించినా, కృష్ణుడి చిలిపితనం కృష్ణుడిదే, శకుని శకునే, ఘటోత్కచుడు తిండి దగ్గర ఘటోత్కచుడే. రేపెవరైనా ధర్మరాజుని జూదమంటే మొహం తిప్పుకునే మనిషిగా చూపిస్తే అప్పుడు తెలుస్తుంది మనకీ ఆ పట్టింపు ఉందో లేదో. కథ మార్చుకోండి, మనిషిని మార్చొద్దు అన్నదే మన లెక్క కూడా, నాకు తెలిసినంతలో.

ఇదే జాక్సన్ 'ద హాబిట్' తీసినప్పుడు ఇంకో రకం గొడవ వచ్చింది. అది 1937లో పిల్లల కోసం రాసిన మూడొందల పేజీల చిన్న పుస్తకం. ముందు రెండు సినిమాలన్నారు, 2012 జులైలో కాదు మూడన్నారు. లెక్క చూడండి. వెయ్యి పేజీలు దాటిన నవలకి థియేటర్లో మొత్తం 558 నిమిషాలు, మూడొందల పేజీల పుస్తకానికి 474. సాగదీయాలంటే ఏదో ఒకటి నింపాలి, అందుకని పెద్ద నవలలో తప్ప ఆ పుస్తకంలో లేని ఎల్ఫ్ వీరుడు లెగొలాస్ వచ్చాడు, ఏ పుస్తకంలోనూ లేని టారియెల్ అనే ఎల్ఫ్ అమ్మాయి వచ్చింది, ఆమెకీ ఓ మరుగుజ్జు వీరుడికీ లవ్ ట్రాక్ వచ్చింది. పుస్తకంలో ఆడపాత్రలు లేవన్నది నిజమైన లోపమే, ఒకామెని తేవడం తప్పు కాదు, కానీ తెచ్చాక ఆమెని ఇద్దరి మధ్య ప్రేమలో ఇరికించడం దేనికి? మొదట సినిమాని తీయాల్సిన గిలెర్మో డెల్ తోరో 2010లో తప్పుకోవడంతో జాక్సన్‌కి సిద్ధమయ్యే టైమ్ దొరకలేదు. అభిమానులు కొందరు మూడు భాగాల్నీ ఇంట్లో కూర్చుని ఎడిట్ చేసుకుని ఒక్క సినిమాగా కుదించుకున్నారు. కోత పెట్టారని ఏడ్చిన జాతే కత్తెర పట్టుకుంది!

రచయితల వైపు చూస్తే కొందరికి సర్దుబాటే లేదు. టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్, తండ్రి రాతప్రతులు సరిచేస్తూ జీవితం గడిపిన మనిషి, 2012లో ఓ ఫ్రెంచ్ పత్రికతో మాట్లాడుతూ పదిహేను నుంచి పాతికేళ్ళ కుర్రాళ్ళ కోసం యాక్షన్ సినిమా చేసి పుస్తకం పేగులు తీసేశారు అన్నారు. మిఖాయెల్ ఎండే తన ఫాంటసీ నవల మీద 1984లో వచ్చిన సినిమాతో తనకి సంబంధం లేదని కోర్టు దాకా వెళ్ళారు, ఓడిపోయారు. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్‌కి రెండుసార్లు దెబ్బ తగిలింది. 2004లో అమెరికన్ టీవీ ఆమె ఎర్త్‌సీ కథల్ని తీస్తూ, ఎర్రమట్టి రంగు ఒంటివాడని ఆమె రాసిన హీరోని తెల్లవాణ్ణి చేసేసింది, అది ఆమె కథలోని ముఖ్యమైన ఆలోచన మీదే సున్నం కొట్టినట్టు. ఆమె ఘాటుగానే రాశారు. 2006లో జపాన్‌లో గోరో మియజాకి తీసినప్పుడు చూసి ఆయనతో, ఇది నా పుస్తకం కాదు, మీ సినిమా, మంచి సినిమా అన్నారు. పొగడ్తా తిట్టా అంటే ఇప్పటికీ ఎవరి అర్థం వాళ్ళది.

నా మటుకు నాకు ఆ మాటలో హాయి ఉంది గానీ, అది పూర్తిగా ఒంటబట్టలేదు. ఎందుకంటే ఫారమిర్ వాళ్ళని లాక్కెళ్ళిన ఆ ఆస్గిలియాథ్ సీన్ దగ్గరే నా లెక్కంతా తప్పుతుంది. అక్కడ ఫ్రోడో ఇక నావల్ల కాదు అని కూలబడిపోతాడు. శామ్ అతని పక్కన నిలబడి, పాత పెద్ద కథల్లో మనుషులు వెనక్కి తిరిగే అవకాశం ఉన్నా ఎందుకు తిరగలేదో చెప్తాడు. నవలలో ఈ ఆలోచన మరో చోట, కొండ మెట్ల మీద ఇద్దరూ కూర్చుని తమ కథ గురించి మాట్లాడుకునేటప్పుడు వస్తుంది, దాన్ని తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు. మూడు సినిమాల్లోనూ అభిమానులు ఎక్కువగా చెప్పుకునే మాటలు అవి, నేను ఎన్నిసార్లు చూసినా అక్కడ గొంతు పట్టేస్తుంది. నవల ప్రకారం వాళ్ళసలు ఆ ఊళ్ళో అడుగే పెట్టరు. ఆ మాటలు మొదలుపెట్టే ముందు శామ్ ఏమంటాడో తెలుసా? అంతా తప్పుగా జరుగుతోంది, న్యాయంగా అయితే మనం ఇక్కడ ఉండాల్సిందే కాదు, అంటాడు.